బాస్ ఆంటీ, నేపుల్స్

ఇటలీలో నేపుల్స్ అనే ఊరుంది. అక్కడ సముద్రం, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కోట, దూరంగా అగ్నిపర్వతం, వీధి వీధికీ పిజ్జా పొయ్యిలు ఉన్నాయట. "ఉన్నాయట" అని ఎందుకంటున్నానంటే, ఆ ఊళ్ళో నేను ఒక పగలంతా ఉన్నాను గాని వాటిలో ఒక్కటీ చూడలేదు. నేను చూసినవి రెండు వంటిళ్ళు. ఆ వంటిళ్ళ గోడలకు ఏ రంగు టైల్స్ ఉన్నాయో, వాటిలో ఏది పగిలిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ఘనకార్యం ఎవరి సాయమూ లేకుండా, పూర్తిగా స్వశక్తితో సాధించాను. పెద్దవాళ్ళు చదవచ్చు గాని, ఇంట్లో పిల్లలుంటే చూపించకండి. నాన్నల మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది.

ఇది ఐదేళ్ళ కిందటి మాట. మేం అప్పుడూ ఇప్పుడూ న్యూజెర్సీలోని పార్సిప్పనీలో అదే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నా జబ్బు మీకు అర్థం కావాలంటే ముందు నా ఫోన్ చూడాలి. అందులో నంబర్లు ఇలా ఉంటాయి: దోసె పిండి ఆంటీ, బ్లౌజుల ఆంటీ, వినాయకుడి బొమ్మ అంకుల్, మంచు పార అంకుల్. వీళ్ళకి పేర్లు లేక కాదు. పెద్దవాళ్ళని పేరడగడం మర్యాద కాదని మనల్ని పెంచారు. మొదటి రోజు "నమస్తే ఆంటీ" అనేస్తాం. ఆర్నెల్ల పాటు వాళ్ళ ఇడ్లీలు తిన్నాక, "ఇంతకీ మీ పేరేంటండీ?" అని అడగడానికి మొహం చెల్లదు. దోసె పిండి ఆంటీ మా కింది వాటాలోనే ఉంటుంది. శుక్రవారం శుక్రవారం డబ్బా నిండా పిండి రుబ్బి ఇస్తుంది. ఆవిడ గురించి మళ్ళీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది ఇండియా వెళ్తూ దారిలో ఒక్క రోజు నేపుల్స్‌లో ఆగాలని నిర్ణయం జరిగింది. "జరిగింది" అంటే నా భార్య స్వరూప చేసింది. ఆమెది వరంగల్ వైపు. రామప్ప గుడి చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి చెక్కిన రాయి కనిపిస్తే అన్నం కూడా అక్కర్లేదు. నేపుల్స్‌లో ఒక చిన్న ప్రార్థన మందిరంలో పాలరాతి శిల్పం ఉందట. పడుకున్న మనిషి మీద పల్చటి మేలిముసుగు కప్పినట్టు ఉంటుంది. ఆ ముసుగు కూడా రాయే! మేమిద్దరం ఎమ్మెస్ చదివే రోజుల్లో ఆమె ఎక్కడో దాని ఫొటో చూసింది. అప్పట్నుంచి ఆమె ల్యాప్‌టాప్ తెర మీద అదే బొమ్మ. మా పెళ్ళి ఫొటో పెట్టమని నేను అడిగి ఊరుకున్నాను. రెండు నెలల ముందే ఇద్దరికీ టికెట్లు బుక్ చేసింది. మధ్యాహ్నం మూడింటికి లోపలికి రానిస్తారు, ఆలస్యమైతే ఇక అంతే.

"శీనూ, నాకు కోట వద్దు, సముద్రం వద్దు. మూడు గొట్టంగ నేను ఆ రాయి ముందల ఉండాలె," అంది.

"ఉంచకపోతే నా పేరు శ్రీనివాసే కాదు," అన్నాను. కథంతా పేర్ల దగ్గరే చెడుతుందని అప్పటికి నాకేం తెలుసు?

తప్పు ఆఫీసులో మొదలైంది. మా బాసు విన్స్ న్యూజెర్సీలో పుట్టి పెరిగిన ఇటలీ మనిషి. నా గ్రీన్ కార్డ్ ఫైల్ ఆయన బల్ల మీద ఉంది. కాబట్టి ఆయన జోకులకి నేను అందరికన్నా రెండు సెకన్లు ఎక్కువ నవ్వుతాను.

"నేపుల్స్‌కా! మా అమ్మ పుట్టిన ఊరు! మా ఆంటీ ఇంకా అక్కడే ఉంది," అన్నాడు.

"ఆవిడకి ఏమైనా పంపాలా విన్స్?" అన్నాను.

ఇది మన జాతి లక్షణం. ఎక్కడికైనా వెళ్తున్నామంటే చాలు, ఈ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. అవతలివాళ్ళు "అబ్బే, ఎందుకులే, మీకు శ్రమ" అనాలి. మనం "శ్రమేముంది" అనాలి. అక్కడితో అందరూ సుఖంగా విడిపోవాలి. పాపం విన్స్‌కి ఈ ఆట నియమాలు తెలియవు. "ఓ, గ్రేట్!" అని మర్నాడే బ్రౌన్ పేపర్ చుట్టిన పార్సిల్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆంటీ వివరాలు మెసేజ్ చేశాడు. ఆయన మెసేజ్‌లు చాంతాడంత ఉంటాయి. నేను వీధి, బిల్డింగ్ నంబరు వరకు చదివి, ఒక బొటనవేలి గుర్తు పంపి, "బాస్ ఆంటీ, నేపుల్స్" అని సేవ్ చేసుకున్నాను.

ఇంట్లో స్వరూప పార్సిల్ వైపు చూసింది.

"ఉన్నదే ఒక్క రోజు. అండ్ల ఆ ముసలామె ఇంటికి పోవుడెందుకు?"

"ఐదు నిమిషాల పని స్వరూపా. పార్సిల్ ఇచ్చి, నమస్తే పెట్టి వచ్చేస్తాం."

"తెలుగోళ్ళ ఐదు నిమిషాలు ఎంతసేపో నాకు తెల్వదా?"

నేపుల్స్‌లో ఆ ఉదయం మాత్రం బ్రహ్మాండంగా గడిచింది. హోటల్ పక్క కొట్లో పొరలు పొరలుగా ఉన్న ఒక తీపి వంటకం తిన్నాం. అచ్చం మన మడత కాజాకి మేనత్త కూతురు. ఉగ్గుగిన్నె అంత కప్పులో కాఫీ ఇచ్చారు. ఇంకొకటి తిందామని స్వరూప అంటే, "కడుపు ఖాళీగా ఉంచుకో, రోజంతా తినాలి," అన్నాను. జీవితంలో నేను చెప్పిన జోస్యాల్లో నిజమైంది అదొక్కటే.

పదకొండింటికి ఆ వీధిలోకి వెళ్ళాం. వీధి అంటే ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకుపోవాల్సినంత వెడల్పు. పైన ఈ బాల్కనీ నుంచి ఆ బాల్కనీకి బట్టలు ఆరేసి ఉన్నాయి. బిల్డింగ్ దొరికింది. తలుపు పక్కన నాలుగు బెల్లులు, నాలుగు ఇంటిపేర్లు.

"ఆమె పేరేంది?" అంది స్వరూప.

"ఆంటీ."

"ఆంటీ కాదు శీను, పేరు!"

"పేరెందుకు? బిల్డింగ్ దొరికిందిగా. పెద్దావిడని పేరు పెట్టి పిలుస్తామా ఏంటి?"

"మెసేజ్ చూడు, గదొక్కటి చూడు!"

సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఒక ముసలావిడ తాడు కట్టిన బుట్ట కిందికి దించుతోంది. కింద రొట్టెల కొట్టతను అందులో రొట్టె వేశాడు. తెల్ల జుట్టు, నల్ల గౌను, పూలపూల ఏప్రన్. ఆంటీలకి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. నేను పార్సిల్ రెండు చేతులతో ఎత్తి చూపించాను.

"ఆంటీ! నమస్తే! అమెరికా! న్యూజెర్సీ!"

ఆవిడ చేతిలో తాడు ఆగిపోయింది. "అమెరికా?"

"అవునాంటీ! అమెరికా!"

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. రొట్టెనీ బుట్టనీ అలాగే గాల్లో వదిలేసి, పైకి వచ్చెయ్యమని రెండు చేతులూ ఊపింది.

"చూశావా? పేరడిగానా? పని అయిందా లేదా?" అన్నాను స్వరూపతో.

నాకు తట్టని సంగతి ఒక్కటే. కృష్ణా జిల్లాలో ఏ వీధిలోనైనా నిలబడి "అమెరికా నుంచి పార్సిల్!" అని కేకేస్తే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయి? నేపుల్స్ కూడా అలాంటి ఊరే. ప్రతి ఇంటి నుంచీ ఒకడు అమెరికాలో ఉన్నాడు.

ఆవిడ మా ఇద్దరి బుగ్గల మీదా ముద్దులు పెట్టి వంటింట్లో కూర్చోబెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మాకు ఇటాలియన్ రాదు. మధ్యలో నా ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంది. అది ఆవిడ మాటల్ని ఇంగ్లీషు చేసి, కాస్త బుర్ర తక్కువ రోబోలా వినిపించేది.

"మా వాడు పంపాడా?" అని అడిగింది.

"మీ వాడే ఆంటీ! మీరంటే ప్రాణం!"

పార్సిల్ విప్పింది. లోపల వెండి ఫ్రేమ్‌లో బోసినవ్వు నవ్వుతున్న పసివాడి ఫొటో. ఫ్రేమ్ కింద పేరు చెక్కి ఉంది: జెన్నారో. విన్స్‌కి మనవడు పుట్టాడని ఆఫీసులో అందరం కేకు తిన్నాం. ఆ పిల్లాడే. ఆవిడ ఆ పేరు చదివి, లేచి, గోడ మీద మీసాలాయన ఫొటో దగ్గరికి పరిగెత్తింది. "జెన్నారో! జెన్నారో!" అంటూ ఆ ఫొటోనీ ఈ ఫొటోనీ పక్కపక్కన పెట్టి బావురుమంది.

యాప్ ఇలా పలికింది: "నా మనవడు కొడుకును తయారు చేశాడు. నా చనిపోయిన భర్త పేరు పెట్టాడు."

నేపుల్స్‌లో జెన్నారో అంటే తిరుపతిలో వెంకటేశ్వర్లు. ఏ ఇంట్లో చూసినా ఒకడుంటాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

స్వరూప నా మోచేతిని పొడిచింది. "శీను, విన్స్‌కు అరవై ఏండ్లున్నయి. ఈమెకు మనవడెట్లయితడు?"

"యాప్ తప్పు. వాటికి మన చుట్టరికాలు ఎక్కడ అర్థమవుతాయి?" అని ఆవిడ వైపు తిరిగి తల ఊపాను. ఆ ఊపిన ఊపుకి నా తలని ఇప్పటికీ క్షమించలేదు.

"భార్య ఎలాంటిది? మంచిదేనా?" అని అడిగింది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. విన్స్ భార్యని పిక్నిక్‌లో రెండుసార్లు చూశాను.

"చాలా మంచిది ఆంటీ! జుట్టు మొత్తం నెరిసిపోయింది గాని, మనిషి హుషారు. ఈ మధ్యే మోకాలి ఆపరేషన్ అయింది."

యాప్ అది ఇటాలియన్‌లో చెప్పింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం గోడ మీద మొగుడి ఫొటో వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత నిట్టూర్చి, పసివాడి ఫొటోని ముద్దు పెట్టుకుంది. బిడ్డ బాగున్నాడు, అది చాలు అనుకున్నట్టుంది.

ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్ళి ప్రకటన చేసింది. అరగంటలో వంటిల్లు నిండిపోయింది. రొట్టెలతను వచ్చాడు. ఎదురింటావిడ వచ్చింది. ఎవరెవరో వచ్చి ఫొటో చూసి, నా బుగ్గ గిల్లి వెళ్ళారు. అందరూ ఆవిడని "అస్సుంతా, అస్సుంతా" అంటున్నారు. ఆవిడ పేరు అదన్నమాట అని ఆ వంటింట్లో కూర్చుని తెలుసుకున్నాను. అస్సుంతా ఒక చేత్తో చుట్టాలకి ఫోన్లు చేస్తూ, రెండో చేత్తో పొయ్యి వెలిగించింది.

ఇక భోజనం. "ఏమీ వద్దాంటీ, ఇప్పుడే తిన్నాం," అన్నాను. ఆ మాటకి అర్థం రెండుసార్లు బతిమాలితే తింటామని. మనకి తెలుసు. వింత ఏమిటంటే అస్సుంతాకీ తెలుసు! బతిమాలడం కూడా లేకుండా కంచం పెట్టేసింది. బంగాళదుంపలు వేసి ఉడికించిన పాస్తా వచ్చింది. చేదు ఆకుకూర వేపుడు వచ్చింది. వెన్నముద్ద లాంటి జున్ను వచ్చింది. ఆ తర్వాత, పొరలు పొరలుగా టమాటా, జున్ను వేసి కాల్చిన వంకాయ వచ్చింది. వంకాయ చూస్తే గుంటూరు వాడికి ఒళ్ళు తెలియదు. మొదటి కంచం నేను తిన్నమాట నిజం, ఇష్టంగా తిన్నాను.

చిక్కు తర్వాత వచ్చింది. కంచంలో మెతుకు వదలకూడదని మా అమ్మ నేర్పింది. ఖాళీ కంచం కనిపిస్తే వడ్డించకుండా ఉండకూడదని అస్సుంతాకి వాళ్ళమ్మ నేర్పింది. ఇద్దరు తల్లుల పెంపకం మధ్య నా పొట్ట ఇరుక్కుంది. నేను ఊడ్చేస్తాను, ఆవిడ నింపేస్తుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు కంచం మీద చెయ్యి పెట్టాను. ఆవిడ నా చెయ్యిని మెల్లగా తీసి పక్కన పెట్టి, ఇంకో గరిటె వేసింది.

"చాలు అనడానికి వాళ్ళ భాషలో ఏంటో చూడు," అన్నాను స్వరూపతో గొణుగుతూ.

"బస్తా," అంది ఫోన్ చూసి.

"బస్తా ఆంటీ, బస్తా!" అన్నాను. పేరుకి తగ్గట్టే వడ్డించింది.

స్వరూప తెలివైంది. కంచంలో ఒక మూల రెండు ముక్కలు వదిలేసి, వాటిని అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది. రెండూ ఇరవై అయింది. లేచి నిలబడింది.

"శీను, నేను పోతున్న. వస్తవా?"

"ఇంకో ఐదు నిమిషాలు స్వరూపా. భోజనం మధ్యలో లేస్తే ఆంటీ బాధపడుతుంది. పైగా బాసుగారి ఆంటీ."

"నీ ఆంటీ నీకు, నా రాయి నాకు. ఆ మర్యాదేదో నువ్వే తిను."

అస్సుంతా వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "చర్చి" అని సైగ చేసింది. అస్సుంతా మురిసిపోయింది. బిడ్డ పుట్టిన శుభవార్త విని గుడికి వెళ్తున్న ఇల్లాలిని ఎవరాపుతారు? నుదుటి మీద ముద్దు పెట్టి, చేతిలో ఇంత నిమ్మకాయ పెట్టి పంపింది. నేనూ లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది. రెండు టికెట్లూ స్వరూప ఫోన్‌లోనే ఉన్నాయి. అవి మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు విన్నాను.

మూడూ ఐదుకి నా ఫోన్ మోగింది. విన్స్.

"శ్రీనీ, ఎక్కడున్నావ్? ఇప్పుడే మా ఆంటీ ఫోన్ చేసింది. పదకొండు నుంచి నీ కోసం చూస్తోందట."

నవ్వొచ్చింది నాకు. "నేను మీ ఆంటీ ఇంట్లోనే ఉన్నాను విన్స్! ఇదిగో, నాకు నాలుగోసారి వంకాయ వడ్డిస్తోంది!"



"మా ఆంటీకి వంకాయ పడదు," అన్నాడు విన్స్. "వాసన కూడా పడదు. ఇంట్లోకే రానివ్వదు."

నా చేతిలో ఫోర్క్ గాల్లో ఆగింది.

"శ్రీనీ, ఏ అంతస్తులో ఉన్నావ్?"

"మొదటి..."

"రోజెట్టా ఆంటీ ఆ పై అంతస్తు! మెసేజ్‌లో రాశానుగా. పేరు కూడా రాశాను!"

"మరి ఈవిడెవరు?"

"నన్నడుగుతావేంటి? భోజనం చేస్తున్నది నువ్వు!"

ఫోన్ పెట్టేశాను. చుట్టూ చూశాను. అస్సుంతా పసివాడి ఫొటోని మొగుడి ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించేసింది. ఆరుగురు పొరుగువాళ్ళు వైన్ తాగుతున్నారు. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మన పెద్దలు ఊరికే అన్నారు. నేను చేసి చూపించాను. ఈవిడ మనవడికి పెళ్ళి లేదు, పిల్లలు లేరు, కొడుకు పేరు మాత్రం వెండి ఫ్రేమ్ మీద చెక్కి ఉంది. ఆ కబురు అప్పటికే చుట్టాలందరికీ చేరిపోయింది.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఆ ముసలావిడ మొహంలో వెలుగుని నేనే వెలిగించి, నేనే ఆర్పాలి. పారిపోదామనుకున్నాను, నిజం చెబుతున్నాను. కాని ఫొటో లేకుండా విన్స్‌కి మొహం చూపించలేను. పైగా ఆ తిండి తిన్నాక పరిగెత్తడం నా వల్ల అయ్యే పని కాదు. చివరికి ఫోన్ పట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని యాప్‌తో చెప్పించాను.

"ఆంటీ, నన్ను క్షమించండి. నేను ఇల్లు పొరబడ్డాను. ఈ బిడ్డ మీవాడి బిడ్డ కాదు. పై ఇంటి రోజెట్టా గారి చుట్టాల బిడ్డ."

అస్సుంతా మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఫొటో వైపు చూసింది, నా వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తర్వాత ఏదో అడిగింది. యాప్ పలికింది: "అయితే ఆ తెల్ల జుట్టు ముసలిది నా మనవడి భార్య కాదా?"

"కాదాంటీ!"

ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టింది. పక్కనున్న తుండు గుడ్డ తీసుకుని నా వీపు మీద నాలుగు వాయించింది. ఐదోది వెయ్యబోయి పగలబడి నవ్వింది. మేకు మీది నుంచి ఫొటో తీసి, ఏప్రన్‌తో తుడిచి, జుట్టు సవరించుకుని, "పద," అన్నట్టు తలుపు చూపించింది.

మెట్ల మీద యాప్‌తో ఆవిడ చెప్పిన కథ ఇది. పై ఇంటి బట్టల నీళ్ళు కింది ఇంటి దుప్పట్ల మీద కారాయని ఇద్దరికీ గొడవ. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆ రోజు బిల్డింగంతా దిగొచ్చి ఫొటో చూసినా, రోజెట్టా ఒక్కత్తీ పంతం కొద్దీ దిగిరాలేదు. అస్సుంతా ఇంట్లో పండగ చప్పుళ్ళు వింటూ, తన పార్సిల్ ఇంకా రాలేదని కుమిలిపోతూ కూర్చుంది. ఆ పండగ తన ఇంటి మునిమనవడిదేనని పాపం ఆవిడకేం తెలుసు?

తలుపు తెరుచుకుంది. సన్నగా, పొడుగ్గా రోజెట్టా. వెనక బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ఇద్దరు అతిథులకి పూర్తి భోజనం సర్ది ఉంది. ఈసారి నేను ముందు చెయ్యాల్సిన పని ముందే చేశాను.

"మీ పేరు?" అన్నాను.

"రోజెట్టా."

అస్సుంతా ఫొటో చాచింది. రోజెట్టా తీసుకుంది. ఇద్దరూ గుమ్మంలో అటూ ఇటూ నిలబడి ఆ పసివాడిని చాలాసేపు చూశారు. ముక్కు ఎవరి పోలికో అస్సుంతా ఏదో అంది, రోజెట్టా కాదంది, మళ్ళీ గొడవ మొదలైందేమో అనుకున్నాను. ఇద్దరూ నవ్వుతున్నారు. పదకొండేళ్ళ పంతం కరిగింది, నేనేదో మంచిపనే చేశాననుకునే లోపు రోజెట్టా నా వైపు తిరిగింది. కుర్చీ లాగింది.

"మాంజా," అంది. తినమని.

"ఆంటీ, కింద ఇప్పుడే..."

కింద తిన్నవాడివి, పైన తినవా? ఆవిడ చూపులో ఆ ప్రశ్న చదవడానికి యాప్ అక్కర్లేదు. అస్సుంతా నా పక్కనే కూర్చుని, తన వంటకీ రోజెట్టా వంటకీ తేడా నా మొహంలో వెతకడం మొదలుపెట్టింది. ఒకరి వంట బాగుందని తల ఊపితే రెండో ఆవిడ కంచం నింపుతుంది. వంకాయ ఒక్కటి లేదు, మిగతావన్నీ ఉన్నాయి.

ఆరింటికి స్వరూప వెతుక్కుంటూ వచ్చేసరికి నేను మెట్ల మీద గోడకి ఆనుకుని ఉన్నాను. రెండు బొత్తాలు ఊడదీసి ఉన్నాయి. ఆమె మొహం మాత్రం దీపంలా ఉంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఏం చెప్పను శీను! రాయి అనిపిస్తలేదు. ఆ ముసుగు కింద నిజంగ ఊపిరాడుతున్నట్టే ఉంది. నీకెట్లుంది?"

"నాకు ఊపిరాడట్లేదు," అన్నాను.

ఫొటో చూపించమన్నాను. లోపల ఫొటోలు తియ్యనివ్వరట. ఆ రాత్రి హోటల్‌కి టాక్సీలో వెళ్తూ కోట దాటామట, సముద్రం కూడా దాటామట. నేను వెనక సీట్లో కళ్ళు మూసుకుని పడుకున్నాను.

ఇండియా నుంచి తిరిగొచ్చాక విన్స్ నన్ను కావలించుకున్నాడు. ఇద్దరు ముసలమ్మలూ ఇప్పుడు రోజూ కలిసి కాఫీ తాగుతున్నారట, నా గురించే నవ్వుకుంటారట. ఫైల్ మీద సంతకం కూడా పడింది. అంతా సుఖాంతమే అనుకున్నాను. ఒక ఆదివారం చికాగో పక్కనున్న షామ్‌బర్గ్ నుంచి ఎవరో ఫోన్ చేశారు.

"మా నానమ్మకి నాకు కొడుకు పుట్టాడని చెప్పింది మీరేనా?"

అవునని ఒప్పుకున్నాను.

"ఇటలీ అంతా ఫోన్ చేసి అభినందిస్తోంది సర్. నానమ్మకి నిజం తెలుసు. కానీ ఊరందరికీ చెప్పాక మాట వెనక్కి తీసుకోనంటోంది. ఏడాదిలోగా ఆ మాట నిజం చెయ్యమని నాకు ఆర్డర్. నాకు గర్ల్‌ఫ్రెండ్ కూడా లేదు సర్. ఒక్క రిక్వెస్ట్. ఇంకెప్పుడూ నేపుల్స్ వెళ్ళకండి."

ఆ సాయంత్రమే హాల్లో నిలబడి, కుడి చెయ్యి ముందుకు చాచి, స్వరూప సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. "నేను, అనగా శ్రీనివాస్ అనబడే నేను, ఇకమీదట ఎవరి పార్సిలూ మొయ్యను. పేరు అడగకుండా ఎవరినీ ఆంటీ అనను. పేరు తెలియని ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

స్వరూప పెనం మీద దోసె తిప్పుతోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మంచిగుంది. ఇంతకీ గీ పిండి ఇచ్చిన ఆంటీ పేరేంది?"

ఆరేళ్ళు. శుక్రవారం శుక్రవారం.

ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. ఖాళీ డబ్బా పట్టుకుని ధైర్యంగా కిందికి దిగి తలుపు తట్టాను. ఆంటీ తలుపు తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఏం బాబూ?"

"ఆంటీ, అదీ... మిమ్మల్ని ఒకటి అడగాలి..."

"అడుగు నాయనా, మొహమాటమెందుకు?"

ఆరేళ్ళ దోసెలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఇంకాస్త పిండి ఉందా ఆంటీ?"

డబ్బా నింపించుకుని పైకి వచ్చాను. ప్రతిజ్ఞ వచ్చే సోమవారం నుంచి అమలు చెయ్యాలని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. సోమవారాలు చాలా వచ్చాయి. ఆవిడ పేరు మీకెవరికైనా తెలిస్తే, దయచేసి నాకు చెప్పండి.